తాళంచెవి నా దగ్గర లేదు

నేనొక హార్డ్ డిస్క్‌ని, 500 జీబీ దాన్ని. డీటీహెచ్ బాక్స్ వెనక యూఎస్‌బీ తీగకు అంటుకుని టీవీ కార్యక్రమాలు దాచిపెట్టడం నా పని. రికార్డింగ్ పరికరం కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందని. నాలోకి ఏం వచ్చి చేరుతుందో చూసేదాన్ని కనుక చెబుతున్నాను, ఆ ప్రశ్నకు ఇప్పుడు పెద్ద పని లేదు. వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలంలో ఉండేది. 1976లో జేవీసీ తెచ్చిన ఆ టేపు ప్రసారంలోని అడ్డు వివరాన్ని సుమారు 240 గీతలకు దించేసేది. దాని నుంచి ఇంకో టేపుకు ఎక్కిస్తే మరీ మసక. నా సంగతి వేరు. అంకెల రూపంలో దిగిన ప్రసారాన్ని బాక్స్ మళ్లీ కుదించకుండా ఉన్నదున్నట్టు నాకు అప్పగిస్తుంది. ఎస్‌డీ చానల్ 576 గీతలతో వస్తే అలాగే, హెచ్‌డీ 1080తో వస్తే అలాగే ఉంటుంది. తేడా అంతా చోటులోనే. సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ ప్రసారానికి గంటకు 3.6 జీబీ కావాలి. 3 మెగాబిట్ల ఎస్‌డీకి 1.35 జీబీ చాలు. ఆ లెక్కన హెచ్‌డీలోనే 130 గంటలకు పైగా నాలో పడుతుంది. కాబట్టి ఇంకా పెద్ద డిస్క్ కోసం తొందరపడక్కర్లేదు (ఈ మాట నా జాతివాళ్లకు నచ్చదు).

అడగాల్సింది తాళం ఎవరి చేతిలో ఉందని. పే చానల్ కార్యక్రమం నాలోకి గుప్తలిపిలో చేరుతుంది. దాన్ని విప్పే తాళంచెవి సాధారణంగా ఆ ఒక్క బాక్సులోనే ఉంటుంది. నన్ను ఊడదీసి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే బొమ్మ రాదు. అదే కంపెనీ కొత్త బాక్స్ పంపినా పాత రికార్డింగులు దానికి అర్థం కావు. పిడుగు పడి బాక్స్ కాలిపోయిందంటే, నాకు చిన్న గీత కూడా పడకపోయినా నేను ఖాళీ కిందే లెక్క. పైగా మొదటిసారి తగిలించినప్పుడే చాలా బాక్సులు నన్ను ఫార్మాట్ చేసేస్తాయి. పెళ్లి ఫొటోలున్న డిస్క్‌ను ఈ పనికి వాడకూడదనేది అందుకే. తాళం లేని చానళ్లను పట్టే ఫ్రీ టు ఎయిర్ బాక్స్ తీరు దీనికి పూర్తిగా వేరు. డీడీ ఫ్రీ డిష్‌లో గుప్తలిపి లేకుండా వచ్చే చానల్‌ను అందులో రికార్డు చేస్తే, ఆ ఫైల్ మామూలుగా ఏ కంప్యూటర్‌లోనైనా ఆడుతుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న డిస్క్‌లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు గనుక పొడుగాటి కార్యక్రమం ముక్కలవుతుంది. ముక్కలైనా సొంతవాళ్ల చేతిలోనే ఉంటాయి.

తాళం లేకపోతే పైరసీ పెరగదా అంటారు. నిజమే, సినిమా హక్కుదారుడి భయం ఉత్తది కాదు. కానీ ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డు చేయడాన్ని దొంగతనంగా చూడలేమని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే, సోనీ బీటామ్యాక్స్ కేసులో, తేల్చింది. నాలోని తాళం అమ్ముకునేవాడినీ చూసుకునేవాడినీ ఒకే గాటన కడుతోంది, నా అభ్యంతరం అదే. హెచ్‌డీఎంఐ నుంచి డీవీడీ రికార్డర్‌కు ఎక్కించుకోవచ్చని కొందరి ఉపాయం. ఆ దారిలో హెచ్‌డీసీపీ అనే మరో తాళం కాపలా ఉంది. దాన్ని తప్పించుకుని పాత అనలాగ్ తీగలతో తీసినా డీవీడీలో మిగిలేది ఎస్‌డీ బొమ్మే. ఇక యాప్‌లో అన్నీ దొరుకుతుంటే రికార్డింగ్ ఎందుకనే ప్రశ్న బలమైనదే. అయితే యాప్‌లో సినిమా ఉండేది హక్కుల ఒప్పందం ఉన్నంతకాలమే; ఏదో చిన్న చానల్‌లో వచ్చిన జాతర అక్కడికి అసలు చేరకపోవచ్చు.

రాత్రి మ్యాచ్‌ను పొద్దున చూసి చెరిపేసేవాళ్లకు తాళంతో పేచీ లేదు. వాళ్లకు కంపెనీ రికార్డరే మేలు. ఒక చానల్ రికార్డు అవుతుండగా ఇంకోటి చూడాలంటే మాత్రం రెండు ట్యూనర్లున్నది తీసుకోవాలి, దానికి మామూలుగా డిష్ నుంచి రెండు తీగలు లాగాలి. ఏళ్ల తరబడి దాచుకోవాలనుకునేవాళ్లు ఫ్రీ టు ఎయిర్ బాక్స్ వైపు చూడటం మంచిది. అందులో దొరికే చానళ్లు తక్కువ, చాలావరకు ఎస్‌డీవే. అయినా వాళ్లకు నేను సిఫారసు చేసేది దాన్నే. పే బాక్సుల్లో కొన్నింటికి రీఛార్జ్ ఆగిన రోజు నుంచి, డబ్బు కట్టిన నెలల్లో నాలో దాచినవి కూడా తెరుచుకోవు.