‘సీటు సీటటంచు’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: సూళ్లూరుపేటలో వెబ్ ఆప్షన్ల వారంలో పుట్టిన పద్యమిది. కర్త తెలియదు, ఊరి విషయంలో మాత్రం సందేహం లేదు. పులికాట్ నీళ్లను చీల్చుకుంటూ శ్రీహరికోటకు పోయే రోడ్డు ఇక్కడే మొదలవుతుంది. డాబా ఎక్కితే రాకెట్ కనబడే ఊళ్లో, పిల్ల సైంటిస్ట్ కావాలని మొక్కుకోని ఇల్లుండదు. ఆప్షన్లు పెట్టే రోజున సీఎస్ఈ అనని ఇల్లూ ఉండదు.

మూలం:

సీటు సీటటంచు సిస్టము ముందర
నాన్న వేలు వణకె నడుమ నడుమ
బ్రాంచి దొరకెనేని బ్రతుకెల్ల దొరకదే
యనుచుఁ బక్కయింటి యత్త పలికె

ప్రతిపదార్థం: సీటు సీటు అటంచు = సీటో సీటో అని; ద్విరుక్తి ఆతురతను తెలుపును. రెండు సీట్లని చెప్పి, ఒకటి కన్వీనర్ కోటా, రెండోది మేనేజ్‌మెంట్ కోటా అని విడదీసినవారున్నారు; అది డబ్బున్నవారి అన్వయం. సిస్టము ముందర = నెట్ సెంటర్ కంప్యూటర్ ఎదుట; ‘ఫోను ముందర’ అనే పాఠాంతరంలో గణమూ యతీ రెండూ చెడతాయి. నాన్న వేలు = తండ్రియొక్క చూపుడువేలు; పరీక్ష రాసిన వేలు ఇది కాదని గమనించాలి. నడుమ నడుమ = ఓటీపీ వచ్చేలోపు, సేవ్ నొక్కబోయే ముందు. బ్రాంచి దొరకెనేని = సీఎస్ఈ దొరికినచో; పద్యంలో ఆ మాట లేదు, అయినా అందరికీ అదే వినబడుతుంది, కనుక ధ్వని. బ్రతుకెల్ల దొరకదే = బతుకంతా దొరకదా, దొరుకునని కాకువు. పక్కయింటి యత్త = ఆప్తురాలు; కొడుకు బెంగళూరులో ఉన్నాడు, ప్రమాణం అదే.

తాత్పర్యం: అత్త చెప్పింది, నాన్న నొక్కాడు.

విశేషములు: ఈ పద్యంలో నాన్న ఉన్నాడు, అత్త ఉంది, సిస్టమూ ఉంది, చదవబోయే పిల్ల లేదు. ఆమెను అధ్యాహారం చేసుకోవాలి. మంచినీళ్లు తేబోయిందని ఒక వ్యాఖ్యాత. ఆ పూట ప్రయోగం ఉంది, డాబా మీద ఉందని మరొకరు. ఆధారం లేకపోయినా నాకు రెండోదే నచ్చింది. అసలామెను పిలవాల్సిన అవసరమేముంది? 2021లో ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చినా తంతు మారలేదు: ర్యాంకు ఉంటే చాలు, ఆ బ్రాంచే ఎందుకమ్మా అని అడిగేవారు లేరు. అలా అడిగే పద్ధతి మనవైపు ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్ కొన్ని కోర్సులకు పెట్టుకుంది. యూజీఈఈలో నెగ్గినవారిని ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఆ గదిలోకి నాన్న వేలు రాదు.

అయితే ఇంటర్వ్యూలో నెగ్గకపోతే బతుకు పోయిందనీ కాదు. వైమానిక దళం ఇంటర్వ్యూకని డెహ్రాడూన్ వెళ్లిన అబ్దుల్ కలాం 25 మందిలో 9వ స్థానంలో నిలిచారు. తీసుకున్నది 8 మందిని. ఇంకొక్క ఖాళీ ఉంటే ఆయన పైలట్ అయ్యేవారు. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి రోహిణిని మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 పని ఇంకెవరి నెత్తినో పడేది.

డాబా మీది పిల్లకు నిజంగా రాకెట్ల మీదే మనసుంటే, తిరువనంతపురం దగ్గర వలియమలలో 2007లో పెట్టిన ఐఐఎస్‌టీ ఉంది. అక్కడ ఏరోస్పేస్, ఏవియానిక్స్, ఇంజినీరింగ్ ఫిజిక్స్ చెబుతారు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. నాన్న తెరిచిన పేజీలో ఆ పేరుండదు. ఇస్రో బస్సులు రోజూ ఇంటిముందు నుంచే పోతున్నా అత్త చెవిన అది పడలేదు.

ఇక సతీశ్ ధావన్. లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో గణిత, భౌతికశాస్త్రాలతో బి.ఏ., ఇంగ్లీష్ సాహిత్యంలో ఎం.ఏ., ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్. తర్వాత మిన్నెసోటాలో ఏరోనాటికల్, 1951లో కాల్టెక్ నుంచి పీహెచ్‌డీ. ఈ వరసను ఏ ఆప్షన్ల పేజీలో పెట్టినా సేవ్ కాదు. ఇస్రోను 1972 నుంచి 12 ఏళ్లు నడిపిన మనిషి ఈయనే.

దీనిమీద అత్త ఆక్షేపణ: “ఇంగ్లీష్ ఎం.ఏ. చేసినాయనకి ప్లేస్‌మెంట్ ఎక్కడొచ్చిందంట?” 2002 నుంచి శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే ఉందని వ్యాఖ్యాతలు సమాధానం చెప్పారు. అత్త ఒప్పుకోలేదు, ఆమె అడిగింది ప్యాకేజీ.