నడిమి కిరాయి

నా ముందు ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 24 అనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో అది నల్లగొండ జిల్లా నంబరు. నేను కోదాడ లారీని, ఆరు టైర్ల దాన్ని. హైవే పక్కన ఈ వేపచెట్టు కింద నన్ను నిలబెట్టి ఆరు వానాకాలాలు దాటాయి.

చెన్నై దగ్గర ఎన్నూరులో ఉత్త చాసిస్‌గా పుట్టాను. అప్పటికి క్యాబిన్ లేదు, తొట్టి లేదు. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు ఎండలో, గాలిలో నన్ను విజయవాడ ఆటోనగర్ దాకా నడుపుకొచ్చాడు. నాకు ఒళ్లు కట్టింది అక్కడి వడ్రంగులు, పెయింటర్లు. 2005 జూలైలో రోడ్డెక్కాను. విజయవాడ నాకు పుట్టినిల్లు, కోదాడ మెట్టినిల్లు. రెండింటికీ మధ్య వంద కిలోమీటర్లు కూడా లేదు. హైదరాబాద్ అయితే ఇంచుమించు దానికి రెట్టింపు దూరం.

నేను గర్వంగా చెప్పుకునేది నా పాత తిరుగుడు గురించే. మిర్యాలగూడ మిల్లుల్లో ఉప్పుడు బియ్యం ఎత్తుకుని కాకినాడ రేవుకు పోయేదాన్ని. అక్కడ బస్తాలు దించగానే ఎరువుల లోడుతో గుంటూరు. గుంటూరులో మిర్చి టిక్కీలు ఎక్కించుకుని, పొందుగుల దగ్గర కృష్ణ దాటి, వాడపల్లి మీదుగా మళ్లీ ఇటు. మూడు కిరాయిలు, మూడూ నిండు లోడ్లే. పోయే కిరాయి డీజిలుకు, టోళ్లకు, హమాలీలకు సరిపోతుంది. వచ్చే కిరాయి బండి కిస్తీకి పోతుంది. కాకినాడ నుంచి గుంటూరు దాకా వేసే ఆ నడిమి కిరాయే ఇంటికి చేరే డబ్బు. ఓనరు కూతురి చదువు దాని మీదే సాగింది. డ్రైవరన్న ఇంటికి రేకులు పోయి స్లాబు పడిందీ దాని మీదే.

2014 జూన్ 1 సాయంత్రం మట్టపల్లి దగ్గర సిమెంటు ఎత్తుకుని పాలేరు వంతెన దాటాను. మర్నాడు తిరిగి వచ్చేసరికి ఆ వంతెన రెండు రాష్ట్రాల మధ్య హద్దయింది. నీళ్లు అవే, గతుకులు అవే. మావాళ్లు రంగులు చల్లుకుంటూ ఎదురొచ్చారు. వాళ్ల సంతోషం నాదీ. ఆ రోజు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధ ఆ తర్వాత వచ్చిన కాగితం గురించి.

పాత పర్మిట్లు గడువు తీరేదాకా రెండు వైపులా చెల్లుతాయని విభజన చట్టంలో రాశారు. నాది 2015 జూలైలో తీరింది. ఇక తెలంగాణ లోపలే తిరగాలి, లేదా నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. ఏడాదికోసారి ఒకే రుసుము కట్టి దేశమంతా తిరిగే ఆ పద్ధతి 2010లో వచ్చింది, మొదట్లో రుసుము 15,000 రూపాయలు. ఓనరు అప్పు చేసి కట్టాడు. నా ఒంటికి ఎండుటాకు రంగు పూసి, తెల్ల అంచు వేసి, నేషనల్ పర్మిట్ అని రాయించాడు. కశ్మీరు దాకా పోవచ్చన్నారు. కాకినాడ నుంచి గుంటూరుకు ఎరువులు మాత్రం వేయకూడదట!

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్న షరతు అది. నేషనల్ పర్మిట్ లారీ ఇంకో రాష్ట్రంలోకి సరుకు తేవచ్చు, అక్కడి నుంచి బయటికి తీసుకుపోవచ్చు. ఆ రాష్ట్రంలోనే ఒకచోట ఎత్తి మరోచోట దించకూడదు. ఆ పని అక్కడ పన్ను కట్టే లారీలది. ఇందులో న్యాయం లేదనను. మూడు నెలలకోసారి తన రాష్ట్రానికి పన్ను కట్టే లారీ నోటిముందు ముద్దను ఎక్కడి నుంచో వచ్చిన బండి లాక్కోకూడదు. వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చే బండికి అడ్డుగా పెట్టిన షరతు అది. పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే పొరుగు లారీకీ అదే షరతు. నా నంబరు ఏపీ, నా ఒళ్లు కట్టిన ఊరు ఏపీ. ఆ ఏపీలోనే నేను బయటి బండిని.

ఒకసారి ఓనరు తెగించాడు. కాకినాడలో మూడు రోజులు నిలబడినా తెలంగాణకు లోడు దొరకలేదు. ఎరువులు ఎత్తించాడు. దారిలో అర్ధరాత్రి ఆపారు. పర్మిట్ షరతు మీరితే అప్పటి చట్టంలో మొదటి తప్పుకు 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. నడిమి కిరాయిలో మిగిలేది దానికే పోయింది. డ్రైవరన్న స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. క్లీనరు పిల్లవాడు "ఇక ఖాళీగానే పోవాలా అన్నా?" అని అడిగాడు. జవాబు రాలేదు.

సూర్యాపేట దాబా దగ్గర ఓ రాత్రి నా పక్కన జగ్గయ్యపేట లారీ ఆగింది. ఏపీ 16, కృష్ణా జిల్లా నంబరు. సిమెంటు దించి ఖాళీగా పోతోంది. అదే రోడ్డులో మిర్యాలగూడకు పోవలసిన వడ్ల బస్తాలు లారీ కోసం చూస్తున్నాయి. అది వాటిని ముట్టకూడదు. ఇద్దరు డ్రైవర్లూ ఒకే మంచం మీద కూర్చుని తిన్నారు. ఇద్దరిదీ ఒకటే బాధ. ఏడాదికి 5,000 కట్టించుకుని రెండు రాష్ట్రాలకూ ఒకే పర్మిట్ ఇవ్వమని లారీల ఓనర్లు అడుగుతూనే వచ్చారు. నేను రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ అది అడగడం దగ్గరే ఆగిపోయింది.

ఓనరు మేనల్లుడు కెనడాలో ట్రక్కు నడుపుతాడు. సెలవులకొచ్చినప్పుడు నా బానెట్ మీద చెయ్యి వేసి చెప్పాడు: "టొరంటోలో ఎత్తి డెట్రాయిట్‌లో దించుతాను మామా. తిరుగు లోడు తెచ్చుకోవచ్చు. డెట్రాయిట్ నుంచి చికాగోకు మాత్రం వేయకూడదు, అది అమెరికా డ్రైవర్ల పని." ఐరోపాలో అయితే పక్క దేశపు లారీ తెచ్చిన సరుకు దించాక, ఏడు రోజుల్లో అక్కడే మూడు లోడ్లు వేసుకోవచ్చట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. పరాయి దేశపు బండికి వాళ్లు మూడు లోడ్లు వదిలారు. పాలేరు అవతల నాకు ఒక్కటీ వదల్లేదు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చి అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. గంటల తరబడి నిలబడే బాధ తగ్గిందని అందరూ సంబరపడ్డారు. ఆ నెలలోనే నాకు పన్నెండేళ్లు నిండాయి. రెండు యాక్సిళ్ల లారీకి పన్నెండేళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఉండదు.

ఓనరు నన్ను ఇటుక బట్టీ ఆయనకు అమ్మేశాడు. తాళం ఇచ్చేటప్పుడు నా వైపు చూడలేదు. కొత్తాయన ఇంజిన్ ఆయిల్ మార్పించలేదు. బ్రేకులు అరుస్తుంటే రేడియో గొంతు పెంచాడు. మోయలేనంత ఇటుక ఎక్కించి పొలం గట్ల మీద తోలాడు. కమాను పట్టీ విరిగితే తాడుతో కట్టించాడు. ఫిట్‌నెస్ తీరిన రోజు నన్ను ఇక్కడ ఆపి, బ్యాటరీ విప్పుకుని పోయాడు. తర్వాత టైర్లు పోయాయి, ఆ తర్వాత రేడియేటరు. ఆటోనగర్ వడ్రంగి చెక్కిన తొట్టి పలకలు ఎవరి పొయ్యిలోకి పోయాయో తెలియదు. క్యాబిన్‌లో కోడి గుడ్లు పెట్టింది. ఎండుటాకు రంగు పొరలు పొరలుగా రాలుతోంది. చాసిస్ నంబరున్న ముక్క కోసి ఆఫీసులో అప్పజెప్పాలని, గ్యాస్ కట్టర్ తెస్తామని మొన్న ఎవరో అనుకున్నారు.

కళ్లద్దాలు పగిలాక నేను రోడ్డును చెవులతోనే చూస్తున్నాను. నిండు లోడు లారీ నేలను అదుముతూ బరువుగా పోతుంది. ఖాళీ లారీ తలుపు గొళ్లేలు, గొలుసులు డబడబమని కొట్టుకుంటాయి. మా క్లీనరు పిల్లవాడు ఇప్పుడు పన్నెండు టైర్ల బండికి డ్రైవరు. నా ముందు నుంచి పోయిన ప్రతిసారీ రెండుసార్లు హారన్ కొడతాడు. సోమవారం రాత్రి మిర్యాలగూడ బియ్యంతో కాకినాడ పోతూ కొట్టాడు. నిన్న తెల్లవారుజామున విజయవాడ వైపు నుంచి మళ్లీ ఆ హారన్ వినిపించింది. దాని వెనకే గొళ్లేల చప్పుడూ.