బత్షెబకు ఓపీ చీటీ

పారిస్ లూవ్ర్ మ్యూజియంలో 1869లో చేరిన ఓ పేషెంటు ఇంకా డిశ్చార్జి కాలేదు. పేరు బత్షెబ. రెంబ్రాంట్ 1654లో గీసిన బొమ్మ. నగ్నంగా కూర్చుని ఉంటుంది. చేతిలో బైబిల్ రాజు దావీదు ఉత్తరం, పాదాల దగ్గర ముసలి దాసి. చిత్రకళ తెలిసినవాళ్లు ఇన్నాళ్లూ చూసింది ఇంతే. పాపం, వాళ్లకు ఎంబీబీఎస్ లేదు.

1983లో ఇద్దరు ఆస్ట్రేలియావాళ్లు ఆమె ఎడమ రొమ్ము మీద నీడను పట్టేశారు. చర్మం రంగు మారింది, సొట్ట పడింది, చంక దగ్గర వాపుంది. ఇంకేం, క్యాన్సర్! ఇంగ్లండ్ సర్జన్ల పత్రికలో వ్యాసం కూడా అచ్చయింది. మోడల్ రెంబ్రాంట్‌తో కాపురమున్న హెండ్రిక్యె స్టోఫెల్స్ అట, 1663లో పోయిందట, లెక్క సరిపోయిందట. మోడల్ ఆవిడేనని చెప్పే కాగితం ముక్క లేదు. ఆవిడ పోయిన ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్లేగు విజృంభించింది. అయినా క్యాన్సర్‌తో మందూ మాకూ లేకుండా తొమ్మిదేళ్లు బతికిందంటే రోగి గట్టిదనాలి గానీ, డాక్టరు పొరబడ్డాడనకూడదు.

2000లో ఇంకో డాక్టరు సెకండ్ ఒపీనియన్ ఇచ్చాడు: క్యాన్సర్ కాదు, క్షయ గడ్డ. నీడలు గీయడమే బతుకుతెరువైన మనిషి అక్కడా ఓ నీడ గీశాడేమోనని అడిగితే మనం వైద్యానికి అడ్డుపడ్డట్టు. బయాప్సీకి ముక్క కోసి చూస్తే తేలేది సీసపు తెలుపు రంగు.

నిజంగా తీసిన పరీక్ష ఎక్స్‌రే. మొదట ఆమె తల ఇంకాస్త పైకెత్తి ఉండేదనీ, రెంబ్రాంటే దాన్ని వంచాడనీ అందులో తేలింది. ఎందుకు వంచాడో అడగడానికి స్పెషలిస్టు దొరకలేదు. ఇంతమంది రొమ్ము దగ్గరే ఆగిపోయారు, చేతిలో ఉత్తరం దాకా ఎవరూ రాలేదు. బైబిల్లో దావీదు ఆమెకు ఉత్తరం రాయలేదు, మనుషుల్ని పంపి రప్పించుకున్నాడు. ఉత్తరం రాసింది సేనాపతికి, ఆమె మొగుడు ఊరియాను యుద్ధంలో చావనివ్వమని. దాన్ని మోసుకెళ్లినవాడు ఊరియానే! చిత్రకారులు ఆమె చేతికీ ఒకటి ఇచ్చారు. రాజు పిలుపు, కాదనే వీలు లేదు.

1654లోనే, కడుపుతో ఉన్న హెండ్రిక్యెను చర్చి పెద్దలు పిలిపించారు. పెళ్లి లేని కాపురమని ప్రభువు బల్లకు దూరం పెట్టారు. శిక్ష ఆవిడకే, ఆయనకు కాదు. మోడల్ ఆవిడే అని డాక్టర్లు అంత పట్టుబడితే సరే, ఒప్పుకుందాం. అప్పుడు ఆ ముఖంలో దిగులుకు కారణం చంకలో వెతకనక్కర్లేదు.