గిన్నెలూ గృహచ్ఛిద్రాలూ

మా ఇంట్లో చెక్క గిన్నెలకు కొదవ లేదు. వాటిలో ఏం వెయ్యాలన్నదానికే కరువు. టీవీ పక్కనున్న దాంట్లో రబ్బరు బ్యాండ్లు, షోకేసులో ఉన్న దాంట్లో అయిపోయిన బ్యాటరీలు, ఫ్రిజ్ మీదున్న దాంట్లో ఇంకో చిన్న చెక్క గిన్నె. అన్నీ నా చేతి పనే. లేతు మీంచి దించిన రోజున "ఇన్నాళ్లకి కుదిరింది ఆకారం" అని నేను ప్రకటించినవే. మర్నాటి కాఫీ వేళకి ఆ కుదిరిన ఆకారంలో ఎక్కడో అర నూలు ఎక్కువైనట్టు కనిపిస్తుంది. మళ్లీ దుంగ కోసం అడితికి బయల్దేరతాను.

ఈ పిచ్చి నాకు ఏటికొప్పాకలో అంటుకుంది. ఇప్పటి అనకాపల్లి జిల్లా, వరాహ నది ఒడ్డు. లక్క బొమ్మలు కొందామని వెళ్లాం. అక్కడొకాయన అంకుడు కర్ర ముక్కలోంచి కుంకుమ భరిణె తీస్తున్నాడు. ఉలి ఆనించాడు, పొట్టు లేచింది, నడుం వచ్చింది, మూత వచ్చింది. తిరిగే కర్రకు లక్క అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టింది. మొగలి ఆకుతో రుద్దితే మెరిసింది. స్కేలు లేదు, గీత లేదు. "ఆకారం కుదిరిందని ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను. "చూస్తే తెలిసిపోద్ది బాబూ" అన్నాడు. చూస్తే తెలిసిపోయేదానికి ఇక నేర్చుకునేదేముంది అనుకుని వచ్చే దారిలోనే లేతు మిషను బేరం చేశాను. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా గిన్నెలకూ ఒక రకం భౌగోళిక గుర్తింపు ఉంది. మా ఇంటి గేటు దాటితే చెల్లవు.

మిషను కారు షెడ్డులోకి వచ్చింది, కారు వీధిలోకి వెళ్లింది.

గిన్నె ఒంపుకు ప్రమాణం ఏమిటని వెతికితే ఒక కిటుకు దొరికింది. గొలుసును రెండు మేకుల మధ్య వదులుగా వేలాడదీస్తే తన బరువుకు తనే ఒక ఒంపు తీసుకుంటుంది. మేకులు దగ్గరికి జరిపితే లోతు గిన్నె, దూరం జరిపితే వెడల్పు గిన్నె, ఎలా జరిపినా వంక పెట్టలేని గీత. మా ఇంట్లో మెలిక పడకుండా అంత నాజూగ్గా వేలాడే గొలుసు ఒక్కటే ఉంది. అది బీరువాలో ఉంది.

షెడ్డు గోడ మీద తన మూడు కాసుల గొలుసునూ, దాని వెంట పెన్సిలు గీతల్నీ చూసి మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను జిజ్ఞాస అనుకున్నాను. ఈ గీతకు సమీకరణం తేలింది 1691లోననీ, తేల్చినవాళ్లు హైగెన్స్, లైబ్నిజ్, యోహాన్ బెర్నౌలీ అనీ విడమరిచి చెప్పాను.

"వాళ్లు ఎవరి గొలుసు తీసుకున్నారు?" అంది.

తర్వాత చూస్తే హైగెన్స్, లైబ్నిజ్ ఇద్దరూ ఆజన్మ బ్రహ్మచారులు. ఆ గణితం అంత నిరాటంకంగా ఎలా సాగిందో అప్పుడు అర్థమైంది.

గొలుసు ఒంపు గిన్నె అందంగానే వచ్చింది గానీ అడుగు కూడా గుండ్రమే కాబట్టి నిలబడలేదు. సరే, పాదం పెట్టాలి. పాదం వెడల్పు గిన్నె వ్యాసంలో మూడో వంతుండాలని ఒక లెక్క. నా కంటికి మూడో వంతు మొరటుగా తోచి, నాలుగుకీ ఐదుకీ దించాను. గిన్నె బల్లను తాకీ తాకనట్టు తేలుతూ ఉండాలని నా ఆశయం. మా ఆవిడ దగ్గర ఒకటే పరీక్ష. చూపుడువేలు అంచు మీద పెట్టి నొక్కుతుంది. పల్టీ కొడితే ఫెయిలు. ఆ తర్వాత ఎస్ ఒంపు మోజు పట్టింది: పొట్ట దగ్గర ఉబ్బి, మెడ దగ్గర లోపలికి పోయి, అంచులో మళ్లీ బయటికి విచ్చుకునేది. నేను దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూపిస్తుంటే తను మెడలోకి వేలు పోనిచ్చి, "ఇక్కడ మెతుకు ఇరుక్కుంటే ఎవరు తోముతారు?" అంది. నేను తిరగేసిన పుస్తకాల్లో ఈ ప్రశ్న లేదు.

పల్చదనం ఇంకో జబ్బు. గోడ పల్చబడేకొద్దీ ఉలి కింద కర్ర శబ్దం మారుతుంది. ఆ పాటకు మురిసి, ఇంకొక్క పొర, ఇంకొక్క పొర అనుకునేసరికి అడుగులోంచి వెలుతురు వస్తుంది. అలాంటివాటిని నేను పూలకుండీలంటాను. కుండీకి చిల్లు లేకపోతే నీళ్లెలా పోతాయి? మా మేడ మీద మనీప్లాంటు టేకులో పెరుగుతోంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. తెల్లారి వీధంతా పాల కోసం, నీళ్ల కోసం, కరెంటు కోసం చూస్తుంటే నేను మలుపులో కూలిన నిద్రగన్నేరు మొదలు ఎంత లావుందో చూస్తున్నాను. దుంగలైతే దొరికాయి. పచ్చి దుంగలో తేమ కోసిన చివర్ల నుంచే త్వరగా పోతుంది, అక్కడే నెర్రెలు పడతాయి. మైనం కరిగించి చివర్లు మూసెయ్యాలి. ఇంట్లో మైనం ఉంది, కొవ్వొత్తుల రూపంలో. ఆ రాత్రి మా దుంగలు క్షేమంగా పడుకున్నాయి. మేం చీకట్లో భోంచేశాం.

పచ్చి కర్రతో గిన్నె ఒక్కసారిగా తెమిలేది కాదు. పదంగుళాల గిన్నెకు అంగుళం మందం ఉంచి, నెలల తరబడి ఆరబెట్టి, మళ్లీ లేతు ఎక్కించాలి. కర్ర అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. వలయాల వెంబడి ముడుచుకునేదాంట్లో అడ్డంగా ముడుచుకునేది ఇంచుమించు సగమే. అందుకని గుండ్రంగా అటకెక్కినవి కోడిగుడ్డులా దిగుతాయి. మరీ త్వరగా ఆరి పగలకుండా పొట్టుతో కలిపి కాగితం సంచుల్లో కట్టి అటక మీదా, మంచం కిందా, బియ్యం డబ్బా వెనకా దాచాను. సంక్రాంతికి అరిసెల మూకుడు కోసం వెతుకుతూ ఒక సంచి విప్పిన మా అత్తగారు, పొట్టులో వంకర తిరిగిన ఆ వస్తువును చూసి, ఇంటికి ఎవరో చేతబడి చేశారని నిమ్మకాయలు తెప్పించారు. అది ఎవరి పనో తెలిశాక కూడా దిష్టి తియ్యడం మానలేదు. ఈసారి నాకు తీశారు.

చివరికి మా ఆవిడే ఒకటి అడిగింది. "ఉల్లిపాయలకి ఒకటి చేసిపెట్టండి. ఒంపులొద్దు. దయచేసి ఆకారం గురించి ఆలోచించకండి."

కోపంగా చేశాను కాబట్టి మధ్యాహ్నం భోజనంలోపే అయిపోయింది. వెడల్పు పాదం, మందం గోడ, పట్టుకుంటే వేళ్లకు ఆనే మొద్దు అంచు. మామిడి చెక్క. వేలి పరీక్షలో కదల్లేదు. ఆ రోజు నుంచి ఒక్క పూట ఖాళీగా లేదు. వచ్చినవాళ్లు షోకేసు దాటుకుని వంటింట్లోకి వెళ్లి, దాన్నే ఎత్తి, "ఎక్కడ కొన్నారండీ?" అంటారు. నేను వాళ్లను హాల్లోకి తీసుకొచ్చి ఎస్ ఒంపు గిన్నె చేతిలో పెడతాను. "బాగుంది," అంటారు, "ఇదేమిటి?"

ఉల్లిపాయల గిన్నె పాదం వ్యాసంలో సగానికి మించి ఉంది. ఏ లెక్కకూ నిలవదు. పాదం పైన అర నూలు లోతున ఒక్క గాడి తీస్తే నీడ పడి కాస్త తేలిగ్గా కనిపిస్తుంది కదా అని మొన్న రాత్రి అందరూ పడుకున్నాక ఉల్లిపాయలు బల్ల మీద పోసి, గిన్నె బోర్లించి, కాలిపర్ పెట్టాను.

"అవి మళ్లీ అందులో వేసేసి వచ్చి పడుకోండి" అని లోపల్నుంచి వినిపించింది.