పుష్ కొట్టాం, ఇక మీ ఖర్మ

సందేశం రాలేదా? మీ సెట్టింగ్స్ చూసుకోండి. అడవి అంచున గూడెం మొరకి అధికార జవాబు ఎప్పుడూ ఇదే.

సరే, చూసుకుందాం. 2002లో ఎంఐడీపీ 2.0 ప్రమాణంతో జావా ఫోన్‌కి పుష్ రిజిస్ట్రీ వచ్చింది. యాప్ మూసి ఉన్నా ఫోనే దాని తరఫున కాపు కాసి, కబురు తగలగానే లేపుతుంది. యాప్ వివరాలుండే జాడ్ ఫైల్లో ఒక్క వరుస రాస్తే చాలు: ఏ పోర్టు, ఏ యాప్, ఎవరు తడితే లేవాలి. ఎవరో తేల్చుకోలేకపోతే నక్షత్రం గుర్తు పెట్టండి, లోకంలో ఎవరు తట్టినా లేస్తుంది.

భద్రాచలం దగ్గరి చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గూడేల్లో అప్పట్లో ఈ ఏర్పాటుకి తిరుగులేదు. సిగ్నలే లేదు, తట్టే నాథుడే లేడు, ఇక తప్పెక్కడ జరుగుతుంది?

సిగ్నల్ ఉన్నచోట మాత్రం ఒరిగిందేముంది! చాలామంది ఆపరేటర్లు ఫోన్లకి లోపలి ప్రైవేటు ఐపీ ఇచ్చి ఊరుకున్నారు. బయటి సర్వర్‌కి ఇల్లే దొరకదు. యాక్సెస్ పాయింట్, ప్రాక్సీ, పోర్టు పొల్లుపోకుండా కొట్టినా చివరికి ఎస్సెమ్మెస్సే దిక్కు. అయినా ఆ మీటల ఫోన్‌కి మర్యాద తెలుసు. యాప్‌ని లేపేముందు ‘లేపమంటారా?’ అని అడిగేది.

ఇప్పుడెవరడుగుతున్నారు? మావోయిస్టు ప్రాంతాల్లోని 2,343 టవర్లని 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది 2022 ఏప్రిల్‌లో. ఆ మరుసటి మే నెలలోనే, ఇరవై మంది, అంతకు మించి కూలీలున్న ఉపాధి హామీ పనుల్లో యాప్ హాజరు తప్పనిసరి చేశారు. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్ని పనులకీ అదే శాసనమైంది. టవర్‌కి వాయిదా ఉంది, కూలీకి లేదు. రోజుకి రెండు ఫొటోలు యాప్‌లోకి ఎక్కించాలన్నారు. మట్టి తవ్వితే చాలదు, సిగ్నల్ కూడా తవ్వి తీయాలి.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది; మూడో ప్రమాద హెచ్చరికే 53 దగ్గర. గోదారమ్మ పోర్టు నంబరు అడగలేదు, ఏ ఐపీ వెనక దాక్కున్నా ఇల్లు కనుక్కుంది. వరదకి మొదట కరెంటు, ఆ వెనకే టవర్ పోయే చోట హెచ్చరికంతా ఫోన్‌కే అప్పజెప్పడం ఏం తెలివో!

నాదొక మనవి. యాప్‌లు రాసే అయ్యవార్ల జీతం కూడా ఇలాగే పుష్ చేద్దాం. ఖజానా నుంచి పంపేస్తే ఇచ్చినట్టే లెక్క. అందకపోతే అది వాళ్ల ఫోన్ సెట్టింగ్స్ సమస్య.