సగం గెలకి నిండు ధర: తూనికలు కొలతల శాఖ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తూనికలు కొలతల శాఖ కంట్రోలరు గారికి,

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, ఆలమూరు మండలం, జొన్నాడ గ్రామ కాపురస్తుడు, ఎకరం లంక భూమిలో అరటి వేసుకుని బతుకుతున్న సినిమా పిచ్చోడు నమస్కరించి రాసుకున్న అర్జీ.

అయ్యా, మా గెలలు గౌతమి మీద వంతెన దాటి రావులపాలెం మార్కెట్టుకి వెళ్తాయి. అక్కడ బేరగాడు గెలని ఒక చుట్టు తిప్పి చూస్తాడు. అత్తాలు లెక్కపెడతాడు. కింది అత్తంలో కాయ సన్నబడిందా, ఎండకి మాడిందా, బండి మీద ఒరుసుకుని నల్లబడిందా, అన్నీ చూశాక గాని నోట ధర రాదు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. ఏ ఒక్కరోజూ నేను పైన నాలుగత్తాలు తెగ్గోసి పట్టుకెళ్లి, "ఇది మొదటి భాగం అండి, మిగతా అత్తాలు చెట్టుకే ఉన్నాయి, మూడేళ్లలో తెచ్చిస్తాను, ధర మాత్రం నిండు గెలది ఇప్పించండి" అనలేదు. అంటే ఏమవుద్దో తమరికి చెప్పక్కర్లేదు.

సినిమా వాళ్లు నాతో అంటున్నది సరిగ్గా ఆ మాటే. అందుకే సెన్సారు వారికి కాకుండా తమరికి రాస్తున్నాను. సినిమా ఎన్నేళ్ల పిల్లలు చూడొచ్చో వారు చెప్తారు. ఏడు, పదమూడు, పదహారు అని మెట్లు కూడా కట్టారు. లోపల కథ ఎంతుందో చెప్పే నాథుడే లేడు.

"సినిమా సరుకు కాదు, సేవ" అని తమ గుమాస్తా ఫైలు మీద రాయబోతాడని నాకు తెలుసు. ఆటో ఎక్కడం మాత్రం సరుకా అండి? దాని మీటరుకి ముద్ర వేసేది తమరేగా. జొన్నాడలో ఎక్కించుకుని రావులపాలెం చార్జీ తీసుకుని, వంతెన నడిమధ్య దింపేసి, "ఇక్కడిదాకా ఒక భాగం, అవతలి ఒడ్డు సంగతి త్వరలో" అంటే ఆ ఆటోవాడిని ఊరుకుంటారా?

ముందుగా ఒక మాట. రెండు భాగాల సినిమా అనగానే తప్పు పట్టేవాణ్ణి కాను. 2015 జులై 10న "బాహుబలి" వచ్చింది. కట్టప్ప కత్తి దింపాక బొమ్మ ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 28 దాకా, అంటే ఏడాదీ తొమ్మిది నెలలు, మా టీకొట్టు దగ్గర రోజుకో సిద్ధాంతం పుట్టేది. అయినా నాకు కోపం రాలేదు. ఎందుకంటే అప్పటికే నేను జలపాతం ఎక్కాను, బంగారు విగ్రహం లేవడం చూశాను, కాలకేయుడితో యుద్ధం మొదలైంది, గెలిచాం, రాజెవరో తేలింది. తూకం నిండింది. ఆ కత్తిపోటు కొసరు. తూకం నిండాక పైన రెండు కాయలు వేస్తే కొసరంటారు. కొవ్వూరు నేల వాసన తెలిసిన రాజమౌళికి ఆ మర్యాద తెలుసు. తర్వాత ఆయనే 2022లో "ఆర్ఆర్ఆర్" మూడు గంటల పైచిలుకు తీశాడు. నిప్పూ నీరూ కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి, అయిపోయింది. ఒక్క గెల, అన్ని అత్తాలూ ఉన్నాయి. ఇంటికొచ్చి నిద్రపోయాను.

వెనక వచ్చినవాళ్లు మాత్రం కొసరే అసలనుకున్నారు.

"దేవర" సంగతి చూడండి. 2024 సెప్టెంబరు 27. సముద్రం బాగుంది. భయం అనే మాట చుట్టూ కథ అల్లడం బాగుంది. తండ్రిగా ఎన్టీఆర్ కళ్లలో బరువుకీ, కొడుకుగా ఆ కళ్లలోనే బెదురుకీ తేడా చూసి నేను ఈల వేశాను, దాచుకోను. ఆఖర్లో కొడుకే తండ్రిని పొడిచాడని తేలింది. లైట్లు వేసేశారు. నా పక్కన పంచె కట్టుకున్న పెద్దాయన లేవలేదు. "ఏం బాబూ, అయిపోయిందా?" అన్నారు. "ఆయ్, అయిపోయిందండి" అన్నాను. "ఎలా అయిపోద్ది? ఎందుకు పొడిచాడో చెప్పందే?" అని ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. చీపురు పట్టుకుని ఒక కుర్రాడు వరసలు ఊడ్చుకుంటూ మా కాళ్ల దాకా వచ్చి, "లెగండి తాతగారూ, తర్వాతాట ఉంది" అన్నాడు. పాప్‌కార్న్ గింజలతో పాటు మమ్మల్నీ తలుపు దాకా ఊడ్చుకుపోయాడు. తొమ్మిదేళ్ల కింద కట్టప్ప, ఇప్పుడు కన్నకొడుకు. కత్తి మారింది గాని ఇంటికి తెచ్చుకున్న ప్రశ్న అదే.

"సలార్" 2023 డిసెంబరు 22న వచ్చింది. పేరులోనే కాల్పుల విరమణ అని పెట్టారు. ఖాన్సార్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారో కుర్చీలో కూర్చుని వేళ్లు మడుచుకుంటూ సగం దాకా వచ్చాను. లెక్క కుదిరేసరికి విరమణ ఇచ్చేశారు. "కల్కి" ఇంకో దారి. ప్రభాసే కర్ణుడని తేలినప్పుడు హాలు హాలంతా లేచింది, నేను కుర్చీ మీదకే ఎక్కాను. ఆ ఒక్క క్షణానికి టిక్కెట్టు డబ్బు చెల్లిపోయింది, ఒప్పుకుంటాను. కాని కమల్‌హాసన్ అంతటివాణ్ణి తెచ్చి, చివర్లో గాండీవం ఎత్తించి, అప్పుడు తెర దించేశారు. విందుకి పిలిచి ఆకు వేసి, నీళ్లు చల్లి, ఉప్పు వడ్డించి పంపేసినట్టు. సినిమా పేరు పక్కన 2898 అని ఉంటుంది. కథా కాలం అనుకున్నాను గాని, రెండో భాగానికి పెట్టుకున్న గడువేమో అని ఇప్పుడు అనుమానం.

ఇక "పుష్ప". ఇది మా ఇంటి గొడవ. సుకుమార్ గారిది మా కోనసీమే, రాజోలు వైపు మట్టపర్రు. సినిమాల్లోకి వెళ్లకముందు కాకినాడలో లెక్కలు చెప్పినాయన. లెక్కల మాస్టారు తీసిన సినిమాకి లెక్క తేలకపోతే ఎవరికి చెప్పుకోవాలి? 2021 డిసెంబరు 17న ఒక భాగం. 2024 డిసెంబరు 5న రెండోది, నిడివి 3 గంటల 20 నిమిషాలు. అదీ చాల్లేదని 2025 జనవరి 17 నుంచి ఇంకో 20 నిమిషాలు కలిపారు. ముందు చూసినవాడికి ఆ 20 నిమిషాలు తక్కువ తూచినట్టా, తర్వాత చూసినవాడికి కొసరు వేసినట్టా? తమరే తేల్చాలి. ఇంతా చేసి పెళ్లింట్లో బాంబు పేల్చి మూడో భాగం ఉందన్నారు. జాతరలో అల్లు అర్జున్ చీర కట్టి ఆడినప్పుడు మాత్రం నా ఒళ్లు గగుర్పొడిచింది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు అమ్మవారి వేషం కట్టడం నిజంగా ఉన్న మొక్కే. మొక్కుని మొక్కులా చూపించాడు. ఆ అత్తంలో కాయ ముదురు. అందుకే మిగతా గెల మీద కోపం.

ధర మాట కూడా తమరి పరిధిలోనిదే. 2021 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో వచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో అడుగు తరగతి టిక్కెట్టు 5 రూపాయలు. అది మరీ అన్యాయమే, కరెంటు బిల్లు కూడా రాదు. మరుసటేడు సవరించారు. 2025 సెప్టెంబరులో "ఓజీ" మొట్టమొదటి ఆటకి అనుమతించిన టిక్కెట్టు పన్నులతో కలిపి 1,000. నాలుగేళ్లలో 5 నుంచి 1,000కి ఎక్కిన సరుకు మా మార్కెట్టులో ఏదీ లేదండి.

ఇదంతా అర్జీలో రాస్తున్నానంటే మా అమ్మ నవ్వింది. "నీకు మూడు గంటలకే అంత బాధ, నేను ఐదేళ్లు చూడలేదట్రా" అంది. నిజమే. "కార్తీకదీపం" 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ఆగింది. పదిహేను వందల ఎపిసోడ్లు దాటాయి. వంటలక్క దీప మీద ఆమె మొగుడు డాక్టర్ బాబు కార్తీక్‌కి అనుమానం. ఓ చుక్క రక్తం తీసి పరీక్ష చేయిస్తే పోయేదానికి ఆ కుటుంబంతో పాటు ఆంధ్రా తెలంగాణాలు రెండూ ఏడ్చాయి. మా అమ్మ సాయంత్రం అత్తెసరు పడేసి, గిన్నె మీద మూత పెట్టి, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. విలన్ మోనిత తెర మీదకి రాగానే "వచ్చిందమ్మా" అని కాళ్లు ముడుచుకునేది, పాముని చూసినట్టు. ఆఖరి రోజున ఏమీ మాట్లాడకుండా టీవీ కట్టేసింది. 2024 మార్చిలో అదే దీప, అదే కార్తీక్ కొత్త కథతో రెండోసారి వచ్చారు. ఇది పాత సరుకుకి కొత్త చీటీ అని నేను గోల చేశాను. "నేనేం టిక్కెట్టు కొన్నానా? పాలు పోయించుకుంటున్నాం, రోజూ ఒక తవ్వ. పాలు ఎప్పుడు అయిపోతాయని ఎవరైనా అడుగుతారా?" అంది. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. కనుక సీరియళ్లని ఈ అర్జీలోంచి తీసేయగలరు.

మా అమ్మా నేనూ ఒకే చోట నవ్వింది "సంక్రాంతికి వస్తున్నాం"కి. 2025 జనవరి 14న వచ్చి, మార్చి 1న టీవీకి కూడా వచ్చేసింది. కథ జరిగేది మా రాజమండ్రిలో. ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న బుల్లిరాజుని చూసి మా అమ్మ చెవులు మూసుకుంది, వేళ్ల సందుల్లోంచి విని నవ్వింది. లాజిక్కా? అడక్కండి. ఆ విలన్లు మా వీధి కుక్కకి కూడా భయపడతారు. కాని రెండున్నర గంటల్లోపు మొదలై, నడిచి, అయిపోయింది. పెద్ద గెల కాదు, మచ్చలున్నాయి. అత్తాలు మాత్రం లెక్కకి సరిపోయాయి. జనం ఎగబడి కొన్నారంటే ఎందుకో పెద్ద బడ్జెట్ల వారు కాస్త ఆలోచించాలి.

నేను కోరేది చిన్నది. పది రూపాయల బిస్కెట్టు ప్యాకెట్టు మీద కూడా నికర బరువు, గరిష్ఠ ధర, తయారైన నెల, చేసినవాడి చిరునామా ఉండాలని తమరు అమలు చేసే 2011 నిబంధనల్లోనే ఉంది. సినిమా పోస్టరు మీదా, టిక్కెట్టు మీదా కూడా ఒక ముక్క వేయించండి: "ఇందులో కథ పూర్తి కాదు." హీరో పేరుకి వాడిన అక్షరాల సైజులోనే వేయించాలి. మిగతా భాగం ఏ నెలలో ఇస్తారో దాని కిందే ఉండాలి. ఆ నెల దాటితే సగం డబ్బు వాపసు. ముద్ర లేని రాయితో తూచే కొట్టువాడికి జరిమానా వేసే చట్టం చేతిలో ఉండగా ఇది తమరికి కష్టం కాదు.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. "సలార్" రెండో భాగం ఎప్పుడొచ్చినా మొదటి ఆటకి వరసలో నేనుంటాను, పక్కన ఆ పంచె పెద్దాయన కూడా ఉంటారనుకుంటాను. తనిఖీకి ఆ రోజే రండి. తమరి టిక్కెట్టు నేనే తీస్తాను. రావులపాలెంలో దిగి అడిగితే మా చక్కెరకేళీ గెల కూడా ఇప్పిస్తాను, నిండు గెల.

ఇట్లు,
తమ విధేయుడు,
జొన్నాడ అరటి రైతు ఒకడు