చింతామణికి నిషేధం, మైకుకి మినహాయింపు

మా రోజుల్లో తిరనాళ్లకి చింతామణి నాటకం పెట్టించారంటే ఊరంతా చాపలు చంకన పెట్టుకుని కదిలేది. బిల్వమంగళుడి పద్యాలకి వన్స్‌మోర్‌లు పడేవి. సుబ్బిసెట్టి దిగితే మాత్రం నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్లు.

వేశ్యల మోజులో కొంపలు కూలుతున్నాయని కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన నాటకమది. కట్నం మీద వరవిక్రయం, తాగుడు మీద మధుసేవ రాసిందీ ఆయనే. ఆయన రాసింది ఒకటి, మా ఊళ్లో ఆడింది ఇంకొకటి. సుబ్బిసెట్టి పాత్రధారి నోటికొచ్చింది కలిపేసేవాడు. మరీ శ్రుతిమించితే వెనకనుంచి ఓ పెద్దాయన, "ఒరేయ్, ఆడవాళ్లున్నార్రా!" అని కేకేసేవాడు. అదే మా సెన్సారు.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా నాటకాన్నే నిషేధించింది. సుబ్బిసెట్టి పాత్రతో తమని కించపరుస్తున్నారన్న ఆర్యవైశ్య సంఘాల ఫిర్యాదులో నిజం లేదనను. మా కిరాణా కొట్టు సెట్టిగారు ముందు వరసలో కూర్చుని నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు? తెల్లారి కొట్టు దగ్గర కుర్రాళ్లు అవే మాటలు అప్పజెప్పేవాళ్లు. కానీ బూతులు కలిపినవాణ్ణి పట్టుకోకుండా రాసినాయన నాటకాన్ని మూటగట్టడమేం న్యాయం?

బూతుకి చట్టం లేక కాదు. ఐపీసీ 294 ఉండేది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 296. బహిరంగంగా అశ్లీలం మాట్లాడి జనానికి చికాకు పుట్టిస్తే మూడు నెలల దాకా జైలు, లేదంటే వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ప్రతి తిట్టూ అశ్లీలం కాదని 2024లో ఓ వెబ్‌సిరీస్ కేసులో సుప్రీంకోర్టు అంది. సబబే. లేకపోతే మా వీధి కుళాయి దగ్గర బిందె పట్టేవాళ్లు మిగలరు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే నయం. ఎస్సీ, ఎస్టీలని నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మా రోజుల్లో ఆ తిట్టుకి అడ్డే లేదు. నాటకంలో కేకేసిన పెద్దాయన కూడా అది విననట్టే బీడీ వెలిగించుకునేవాడు.

మరి ప్రెస్‌మీట్ల సంగతో? పార్టీ ఏదైనా, ఎదుటివాడి తల్లినీ పెళ్లాన్నీ మైకు ముందుకి ఈడ్చందే నాయకుడికి పూట గడవదు. కేసు కదలాలంటే ప్రభుత్వం మారాలి. ఛానెల్ వాడు బీప్ వేసి రోజంతా తిప్పుతాడు. ఐదో తరగతి చదివే మా మనవడు పెదాల కదలిక చూసి ఆ మాటేమిటో ఠక్కున చెప్పేస్తున్నాడు.